గ్యాస్ మందుతో పిల్లల చెవిలో నీరు తగ్గుతుందా?

ప్రశ్న (మారతహళ్లి):
బాబుకు నాలుగేళ్లు. టింపనోగ్రామ్ (కర్ణభేరి కదలికను కొలిచే పరీక్ష) రెండు చెవులకూ 'బి', అంటే చదును గీత, వచ్చింది. జ్వరం, పోటు లేవు, టీవీ సౌండ్ మాత్రం పెంచమంటాడు. రాత్రి సీసాతో పాలు తాగుతూనే నిద్రపోతాడు, పొద్దున పుల్లటి త్రేన్పులు. కడుపులో ఆమ్లమే చెవికి ఎక్కుతోందని, ఒమెప్రజోల్ వేస్తే నీరు పోతుందని ఒకరన్నారు. నిజమేనా అండీ?

జవాబు 1:
సగం నిజం. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే గొట్టం పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ పొడుగై, ఏటవాలు అవుతుంది. పడుకున్నప్పుడు గొంతులోకి వచ్చింది అటు పాకగలదు. 2002లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో, ఇలాంటి పిల్లల చెవి నీటి నమూనాల్లో నూటికి 80కి పైగా పెప్సిన్ (కడుపులో తయారయ్యే జీర్ణరసం) కనిపించింది. కానీ పెప్సిన్ దొరికినంత మాత్రాన నీటికి అదే కారణమని తేలదు. పైగా ఒమెప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుందే తప్ప, పైకి ఎగదన్నడాన్ని ఆపదు. పెప్సిన్ ఎక్కాలంటే అప్పుడూ ఎక్కుతుంది. చెవి కోసమే ఆ మందు వేయమని ఏ మార్గదర్శకమూ చెప్పదు.

జవాబు 2 (ఆడియాలజిస్ట్):
ముందు రిపోర్టులో చెవి నాళం వాల్యూమ్ (ప్రోబ్, అంటే చెవిలో పెట్టే పరికరపు కొన, ముందున్న ఖాళీ) చూడండి. ఈ వయసుకు 0.3 నుంచి 0.9 మి.లీ. మధ్య ఉంటే, గీత చదునుగా ఉండటానికి కారణం నీరే. బాగా తక్కువైతే గులిమి అడ్డు లేదా ప్రోబ్ గోడకు తగిలింది, మళ్లీ తీయించాలి. బాగా ఎక్కువైతే కర్ణభేరికి చిల్లు ఉండొచ్చు. వినికిడి పరీక్ష కూడా చేయించండి. సౌండ్ వినగానే ఆట బిళ్ల డబ్బాలో వేయమంటారు, నాలుగేళ్ల పిల్లలు చక్కగా చేస్తారు. నీటి వల్ల సాధారణంగా 20–30 డెసిబెల్స్ తగ్గుతుంది. క్లాసులో వెనక బెంచీ అయితే టీచర్ మాట సగమే అందుతుంది, ముందుకు మార్పించండి.

జవాబు 3:
గురక, నోరు తెరిచి నిద్ర ఉన్నాయా? ఉంటే రిఫ్లక్స్ (కడుపులోది పైకి ఎగదన్నడం) కంటే అడినాయిడ్స్‌నే (ముక్కు వెనక ఉండే కండ) ముందు అనుమానించాలి. సీసా మానిపించి, గ్లాసుతో కూర్చోబెట్టి, పడుకోవడానికి రెండు గంటల ముందే పాలు ఇవ్వండి. సిగరెట్ పొగ దగ్గరికి రానీయొద్దు. సెట్రిజిన్, ముక్కు చుక్కలు ఈ నీటికి పనిచేయవు. వెల్లుల్లి కాచిన నూనె అసలే వద్దు: నీరు కర్ణభేరికి అవతల, నూనె ఇవతల. మూడు నెలల తర్వాత మళ్లీ టింపనోగ్రామ్. అప్పటికీ రెండు వైపులా 'బి', వినికిడీ తక్కువే అయితే గ్రోమెట్ (కర్ణభేరిలో అమర్చే చిన్న గొట్టం) మాట వస్తుంది. మాటలు ఆలస్యమైనా, కర్ణభేరి లోపలికి గుంజుకుపోయినా అంతవరకు ఆగొద్దు.

ప్రశ్న అడిగినవారు:
వాల్యూమ్ రెండు వైపులా 0.6. గురక ఉంది.

జవాబు 2:
అయితే నీరే. ఈఎన్‌టీ దగ్గర అడినాయిడ్స్ చూపించండి. బరువు తగ్గడం, వాంతిలో రక్తం ఉంటే మాత్రం పిల్లల డాక్టర్ దగ్గరికే ముందు.