కోచ్ కావాలంటే నాలుగేళ్ల డిగ్రీయా, ఎన్‌ఐఎస్ డిప్లొమానా?

ప్రశ్న: వైజాగ్‌లో ఇంటర్ అయిపోయి, అథ్లెటిక్స్‌లో రాష్ట్రస్థాయి దాకా ఆడిన పిల్లలు కోచింగ్‌ను వృత్తిగా పెట్టుకోవాలంటే ఏ దారి మేలు? ఇంఫాల్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో బీఎస్సీ స్పోర్ట్స్ కోచింగా, ఏదో ఒక డిగ్రీ చేసి పటియాలా ఎన్‌ఐఎస్‌లో (జాతీయ క్రీడా సంస్థ) ఏడాది కోచింగ్ డిప్లొమానా, ఇక్కడే ఆంధ్రా యూనివర్సిటీలో బీపీఈడీనా?

తీరం_ట్రాక్: బీపీఈడీని పక్కన పెట్టండి. పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి చేసే ఆ రెండేళ్ల కోర్సు స్కూల్లో వ్యాయామ టీచర్ కావడానికి, డీఎస్సీకి పనికొస్తుంది. కోచ్‌ని తయారుచేయడం దాని పని కాదు. సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కోచ్ పోస్టులకు అడిగేది కోచింగ్ డిప్లొమా. పైగా పటియాలాలో ఏడాదంతా ఒకే ఆట మీద ఉంటారు. నా ఓటు దానికే.

మూడడుగులు: ఏడాది చాలదండీ. మన జ్యోతి యర్రాజి 2023లో ఆసియా బంగారం గెలిచిన వంద మీటర్ల హర్డిల్స్‌నే తీసుకోండి. మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు, తర్వాత ఒక్కోదానికీ 8.5, ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మధ్యలో మూడే అడుగులు పడాలి. పన్నెండేళ్ల పాపకు ఆ దూరం అందక అడుగు సాగదీస్తుంది. పాదం ఒంటికన్నా బాగా ముందు పడుతుంది, అది బ్రేకు వేసినట్టే. నాలుగో హర్డిల్ దగ్గరికి వచ్చేసరికి ఊపు చచ్చిపోయి, పైకి ఎగిరి దూకుతుంది. అప్పుడు "ఇంకా గట్టిగా పరిగెత్తు" అని అరిస్తే ఇంకా సాగదీస్తుంది. దూరాన్ని ఏడున్నరకో, ఇంకా తక్కువకో, ఎత్తును 60కో దించాలి. ఐదు హర్డిల్స్ దాకా మూడడుగుల లయ చెడకుండా నిలిచాకే పావు మీటరు చొప్పున పెంచాలి. తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకునే ఆ కన్ను బయోమెకానిక్స్, అంటే ఒంటి కదలికల శాస్త్రం, నాలుగేళ్ల డిగ్రీలో తీరిగ్గా చదివితేనే వస్తుంది.

తీరం_ట్రాక్: ఆ కన్ను తరగతిలో రాదు, ట్రాక్ పక్కన టేపు పట్టుకుని నిలబడితే వస్తుంది. నాలుగేళ్లూ రికార్డు పుస్తకాలు నింపితే ఏం లాభం?

ఉక్కపోత: ఇద్దరూ మన ఊరి గాలిని మరిచిపోయారు. ఏప్రిల్‌లో బీచ్ పక్క గ్రౌండ్లలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పిల్లల్ని ప్రాక్టీసుకు ముందు, తర్వాత తువ్వాలుతో తుడిచి, తక్కువ బట్టలతో తూకం వేయాలి. 50 కిలోల అమ్మాయి 49.2కి దిగి, మధ్యలో 600 మిల్లీలీటర్లు తాగి ఉంటే, పోయిన చెమట సుమారు 1.4 లీటర్లు. తగ్గుదల కిలో దాటితే, అంటే రెండు శాతం మించితే, పరుగు మందగిస్తుంది. మర్నాడు నీళ్ల విరామాలు పెంచాలి. ఇది డిగ్రీలోనైనా డిప్లొమాలోనైనా పుస్తకంలో ఉండేదే, చేయించేవాళ్లే తక్కువ.

అందుకే ఫీజు కట్టేముందు అక్కడి సీనియర్లను మూడు అడగండి: వారానికి ఎన్ని గంటలు గ్రౌండ్‌లో ఉంటారు, ఏ వయసు పిల్లలకు నేర్పనిస్తారు, మీరు రాసిన ప్రాక్టీస్ ప్లాన్‌ను ఎవరైనా దిద్ది వెనక్కిస్తారా? మూడో దానికి "సంతకం పెడతారు" అని జవాబొస్తే అక్కడ చేరకండి.