విజయనగరం శివార్లలో ఇంటి పెరటికి పైన్ మంచిదా, మేపుల్ మంచిదా?

పెరటిమొక్క (ప్రశ్న):
విజయనగరం నుంచి డెంకాడ వెళ్ళే దారిలో 8 సెంట్ల స్థలం. ఉత్తరం వైపు 3 సెంట్లు ఇల్లు ఆక్రమించింది, దక్షిణం, పడమర ఖాళీ. పైన అడుగున్నర లోతు ఎర్ర ఇసుక మట్టి, దాని కింద గట్టి గ్రావెల్. మట్టి పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) 7.6 వచ్చింది, బోరు నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 900. పెద్ద వాన పడితే పడమటి వాయవ్య మూల రెండు రోజులు నీళ్ళు నిలుస్తాయి.

ఒక్క పెద్ద చెట్టుకే చోటుంది. ఏడాదంతా పచ్చగా ఉండే పైన్ వేయాలా, ఆకు ఎర్రబడే మేపుల్ వేయాలా అన్నది తేలడం లేదు. మేపుల్ గింజల ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పైన్ అని కడియం నుంచి వచ్చిన నాలుగడుగుల మొక్కను ఇక్కడి నర్సరీలో చూపించారు. ఏది బతుకుతుంది, ఇంటికి ఎంత దూరంలో వేయాలి, తుఫాను గాలికి ఏది ఆగుతుంది? తెలిసినవారు చెప్పగలరు.

చల్లగాలి:
మేపుల్ వద్దండీ. మైదానంలో అది నిలవదు.

ఎండకు మాడిపోతుందని చాలామంది అనుకుంటారు. నీడపట్టున పెట్టి, వేరు మీద ఎండుటాకులు కప్పి, మే నెల ఎలాగోలా దాటించవచ్చు. దాన్ని చంపేది మన చలికాలం. జపాన్ మేపుల్ లాంటివి ఆకు రాల్చాక నిద్రలోకి వెళ్తాయి. ఆ నిద్ర తీరి మొగ్గ విచ్చుకోవాలంటే 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగలాలి. విజయనగరంలో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. మొదటి ఏడు మొక్క బాగానే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. రెండో ఏడు చిగురు ఆలస్యంగా, కొమ్మల చివర మాత్రమే వస్తుంది. వేళ్ళలో దాచుకున్న పిండిపదార్థం కరిగిపోతూ, ఆ తర్వాతి వేసవికి కొమ్మలు కొస నుంచి వెనక్కి ఎండుతాయి. అప్పుడు బలం కోసమని ఎరువు వేస్తే ఉప్పు పెరిగి ఆకుల అంచులు ఇంకా మాడతాయి.

రంగు సంగతి కూడా చెప్పాలి. పగలు మంచి ఎండ, రాత్రి గట్టి చలి కలిసినప్పుడే ఆకులో పచ్చదనం విరిగి ఎరుపు తయారవుతుంది. ఆ రాత్రులు లేనిచోట బతికిన మేపుల్ కూడా గోధుమరంగుకు తిరిగి రాలిపోతుంది.

గింజలను తడి ఇసుకలో కలిపి 4 డిగ్రీల దగ్గర మూడు, నాలుగు నెలలు ఫ్రిజ్‌లో ఉంచితే మొలుస్తాయి, అది నిజమే. మొలకెత్తిన మొక్కకు ఆ చలి ప్రతి ఏడాదీ కావాలి, అదే కుదరదు. పైగా ప్యాకెట్‌లో బొమ్మ ఒకటి, గింజ ఇంకొకటి. మేపుల్ గింజకు తూనీగ రెక్క లాంటి పొర ఉంటుంది, రెండు గింజలు జంటగా అంటుకుని కాస్తాయి. నున్నగా, గుండ్రంగా ఉంటే అది మేపుల్ కాదు.

హిమాలయ దిగువ కొండల్లో ఏసర్ ఆబ్లాంగమ్ అనే రకం ఉంది, వేడిని కొంత ఓర్చుకుంటుంది. కానీ దాని ఆకు చీలికలు లేకుండా నిండుగా ఉంటుంది, మీరు కోరుకునే ఎరుపూ రాదు. దానికోసం అంత శ్రమ దండగ.

సంచిమట్టి:
మేపుల్ మీద చల్లగాలి గారి మాటే నాదీ. పైన్ విషయంలో మాత్రం “ఏ పైన్?” అని అడగాలి. అనంతగిరి, అరకు దారిలో కనిపించే తోపులు చూసి మన దగ్గరా పెరుగుతుందని అనుకుంటారు. అవి సుమారు 900 మీటర్లు, అంతకంటే ఎత్తున ఉన్నాయి. విజయనగరం సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే. హిమాలయాల చీర్ పైన్ కూడా కొండజాతే.

మైదానం వేడికి అసలు ఆశ పెట్టుకోదగ్గది కరీబియన్ పైన్, అందులోనూ హోండురెన్సిస్ రకం. మధ్య అమెరికా తీరప్రాంతపు పల్లపు నేలల్లో పుట్టింది కాబట్టి చలి అడగదు. అయినా మూడు చిక్కులున్నాయి.

మొదటిది వేరు. పైన్ పీచువేర్లకు ఒక జాతి బూజు అంటుకుని ఉంటేనే అది భాస్వరం, నీరు సరిగా తీసుకోగలదు. పైన్ ఎన్నడూ పెరగని నేలలో ఆ బూజు ఉండదు. ఉష్ణదేశాల్లో పైన్ నారు మొదట్లో చాలాచోట్ల పసుపుబారి చచ్చిపోయింది ఇందుకే. పాత పైన్ తోపు మట్టి కలిపాకే నారు తేరుకుంది. కొనేటప్పుడు సంచి అడుగు కొంచెం విప్పి చూడండి. సన్నవేర్ల కొసలు పొట్టిగా, లావుగా, రెండుగా చీలి, తెల్లటి లేదా గోధుమరంగు నూగుతో ఉంటే బూజు పట్టినట్టు. అంతా శుభ్రంగా కడిగినట్టుంటే తీసుకోవద్దు. నాటేటప్పుడు సంచిలోని మట్టి విదిలించకుండా గోతిలోకి దించాలి. రిజర్వు ఫారెస్టులోకి వెళ్ళి మట్టి తవ్వి తేవడం తప్పు, ఆ పని వద్దు.

రెండోది మీ పీహెచ్. పైన్‌కు 5 నుంచి 6.5 హాయి. 7.6 దగ్గర ఇనుము అందక కొత్త సూదులు పసుపుపచ్చగా వస్తాయి, పాతవి పచ్చగానే ఉంటాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పది రోజుల తేడాతో రెండు, మూడుసార్లు పిచికారీ చేస్తే తేరుకుంటుంది. గంధకం వేసి పీహెచ్ దించినా బోరు నీళ్ళు మళ్ళీ పైకి లాగుతాయి. వాననీటిని పట్టుకోవడం మేలు: వెయ్యి చదరపు అడుగుల డాబా మీద సెంటీమీటరు వాన పడితే దాదాపు 900 లీటర్లు.

మూడోది తోకలా పెరగడం. వేడి, తేమ ఎప్పుడూ ఉండే పల్లపు నేలలో కరీబియన్ పైన్ ఒక్కోసారి కొమ్మలే వేయకుండా ఒంటికాడగా కొన్ని మీటర్లు సాగిపోతుంది. అలాంటి కాండం గాలికి విరుగుతుంది. దాన్ని సగానికి కొట్టి గుబురు చేద్దామంటే కుదరదు. సూదులు లేని పాత కొమ్మ నుంచి చాలా పైన్‌లు తిరిగి చిగురించవు. లేత చిగురును సగం వరకు గిల్లడమే దారి.

ఇంకొకటి, పైన్ సూదులు రాలి నేల పులిసిపోతుందని చెప్పుకుంటారు. వాటితో మీ పీహెచ్ దిగదు. నేల కప్పడానికి మాత్రం అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

ఉద్దానం గట్టు:
గాలి గురించి నాలుగు మాటలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. తుఫాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. అది మీకు దక్షిణంగా తీరం దాటితే గాలి సముద్రం నుంచి, అంటే తూర్పు నుంచి కొడుతుంది. ఉత్తరంగా దాటితే పడమర, వాయవ్యం నుంచి కొడుతుంది. అంటే చెట్టు పడితే ఒకసారి పడమటికి, ఇంకోసారి తూర్పు ఆగ్నేయానికి. మీ ఇల్లు ఉత్తరాన ఉంది గనుక నైరుతి చోటు నయం. ఇంటి గోడకు కనీసం 25 అడుగులు, కరెంటు తీగలకు అంతకంటే ఎక్కువ వదలండి. అటువైపు పక్కవాళ్ళ ఇల్లు ఉంటే మాత్రం పెద్దయ్యే చెట్టు ఏదీ వేయవద్దు.

మీ స్థలంలో జాతికంటే ప్రమాదం ఆ గ్రావెల్ పొర. అడుగున్నరకే వేరు ఆగిపోయి చాపలా పరుచుకుంటుంది. రెండు రోజుల వానకు పైమట్టి బురదైతే ఏ చెట్టయినా వేళ్ళతో సహా లేస్తుంది. గొయ్యి నాలుగడుగుల వెడల్పు తీసి, అడుగున గ్రావెల్‌ను గునపంతో మూడడుగుల లోతు వరకు పగలగొట్టండి. పగిలిందో లేదో తెలియడానికి గొయ్యి నిండా నీళ్ళు పోసి మర్నాడు చూడండి. నీరు అలాగే ఉంటే ఇంకా తవ్వాలి, లేదా ఆ చోటు మార్చాలి.

సూదాకు చెట్టే కావాలంటే సరుగుడు ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఇసుక నేలకు, ఉప్పుగాలికి దానికి సాటి లేదు, వేరుబుడిపెల వల్ల నత్రజనీ సమకూర్చుకుంటుంది. కానీ తోపుగా వేస్తేనే దానికి బలం. ఒంటరిగా పెరిగిన పెద్ద సరుగుడు తుఫానులో పడే రకమే, ఇంటి పక్కన వద్దు.

పెరటిమొక్క:
అందరికీ ధన్యవాదాలు. నర్సరీ మొక్కను మళ్ళీ చూశాను. సూదులు గుత్తులుగా లేవు, పొట్టిగా ముడుచుకుని కొమ్మ చుట్టూ అతుక్కుని ఉన్నాయి. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా చక్రంలా వచ్చాయి. ఇది పైనేనా?

సంచిమట్టి:
కాదండీ, అది అరోకేరియా. క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మేది అదే. నిజమైన పైన్‌కు సూదులు రెండు, మూడు, అయిదు చొప్పున చిన్న తొడిమలో కట్టగా ఉంటాయి, కరీబియన్ పైన్‌కైతే ఎక్కువగా మూడు, జానెడు పొడవు.

అరోకేరియా మన వేడికి పైన్‌కంటే బాగా ఓరుస్తుంది, బూజు కోసం వెతుక్కోనక్కర్లేదు. కొనేముందు రెండు చూడండి. చిటారు మొగ్గ చెక్కుచెదరకుండా ఉండాలి, అది విరిగితే ఆ అందమైన గోపురం ఆకారం మళ్ళీ రాదు. రెండోది, పక్కకొమ్మ కత్తిరించి పెంచిన మొక్క ఎన్నేళ్ళైనా పక్కకే పాకుతుంది, కాబట్టి గింజ మొక్కో కాదో అడగండి. కుక్ పైన్ అనే రకమైతే కాండం భూమధ్యరేఖ వైపు, అంటే మనకు దక్షిణానికి కొంచెం వంగి పెరుగుతుంది. ఊతకర్ర కట్టి సరిచేయాలని చూడకండి, అది దాని స్వభావం.

తుఫానుకు అరోకేరియా కూడా గట్టిది కాదు. పెద్ద కుండీలో పెంచి పది అడుగుల లోపే ఉంచుకోగలిగితే సరే, నేలలో వేస్తే తాటిచెట్టు ఎత్తు దాటిపోతుంది.

చల్లగాలి:
ఎరుపే కావాలంటే మనకు దొరికేవాటిలోనే చూసుకోవచ్చు కదండీ. నాటు బాదం ఆకు రాలేముందు ముదురు ఎరుపెక్కుతుంది, చలి అడగదు, ఉప్పుగాలికి ఓరుస్తుంది. కొమ్మలు అంతస్తులుగా పరుచుకుంటాయి గనుక 25 అడుగుల వెడల్పు వదలాలి, ఆకులు తూములకు అడ్డం పడకుండా ఊడవాలి. చోటు తక్కువైతే సీతా అశోక వేయండి: వేలాడే రాగిరంగు చిగురు, నారింజ పూలు, కొంచెం నీడ ఇష్టం. వేసవిలో నీరు తప్పకూడదు. గోడవెంట ఎర్రచిగురు కంచెగా క్రిస్టినా చక్కగా సరిపోతుంది.

మీ కొలతలకు నేనైతే నైరుతిలో నాటు బాదం, గుమ్మం పక్క కుండీలో అరోకేరియా అంటాను. పైన్ వద్దనే చెబుతాను, పీహెచ్ 7.6 ఉన్న మట్టిలో దానితో ఏటా పోరాటమే.

ఉద్దానం గట్టు:
నాటే పని మే నెలలోనే మొదలుపెట్టండి. గొయ్యి తీసి నెలరోజులు ఎండనివ్వండి. పైమట్టికి 10 కిలోల మాగిన గెత్తం (పశువుల ఎరువు), అర కిలో వేపపిండి కలిపి నింపండి. పచ్చి గెత్తమైతే వేడికి వేరు కాలుతుంది, చెదలూ వస్తాయి. జూలైలో రెండు మంచి వానలు పడ్డాక నాటాలి. సంచిలో వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే వాటిని పదునైన కత్తితో మూడు, నాలుగుచోట్ల నిలువుగా కోయాలి. లేకపోతే ఆ చుట్ట పదేళ్ళయినా అలాగే ఉండి, మొదటి పెద్ద గాలికి చెట్టు మొదలంటా తిరిగిపోతుంది. కుదురు భూమికి రెండు అంగుళాలు ఎత్తుగా ఉండాలి, కాండం చుట్టూ మట్టి ఎగదోయకూడదు.

మొదటి రెండు వేసవులు నాలుగైదు రోజులకోసారి 15 లీటర్లు పోయండి, రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది. ఊతకర్రకు కొబ్బరితాడుతో వదులుగా కట్టి, కాండం కాస్త ఊగనివ్వండి, ఊగితేనే లావెక్కుతుంది. మరుసటి జూన్‌కి కర్ర తీసేయాలి.