నారికురుపు రోజులు గుర్తున్న పెద్దలు ఉన్నారా?

అందరికీ నమస్కారం. రాయలసీమ దిగుడుబావుల గురించి వివరాలు సేకరిస్తున్నాను. మా తాతయ్య చీలమండ పైన నారికురుపు (ఒంట్లో పొడవాటి పురుగు పెరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చే జబ్బు) మచ్చ ఉండేది. బయటికి తల పెట్టిన పురుగును పుల్లకు చుట్టి, తెగకుండా రోజూ కాస్త కాస్త లాగేవారట. తెగిందంటే కాలంతా వాచి చీము పట్టేదట.

తాగే నీళ్ల ద్వారా వచ్చే ఈ జబ్బుకు మందు లేదు, టీకా లేదు. అందుకే 1980లలో మొదలైన జాతీయ కార్యక్రమం నీళ్ల మీదే దృష్టి పెట్టింది. పుండున్నవాళ్లను బావిలో దిగనివ్వకపోవడం, సైక్లాప్స్ (ఈ పురుగు పిల్లల్ని మోసే, నీళ్లలోని చిన్న జీవులు) చావడానికి టెమిఫాస్ అనే రసాయనం నీళ్లలో కలపడం, అవి పోయేలా నీళ్లు బట్టతో వడగట్టించడం, బోర్లు వేయడం. మన దేశంలో చివరి కేసు 1996లో, రాజస్థాన్‌లో. ఈ జబ్బు మన దేశంలో లేకుండా పోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇంత గొప్ప పనిని ఊరూరా తిరిగి చేసినవాళ్ల మాటలే నాకు దొరకడం లేదు.

మీ ఊరి దిగుడుబావి మెట్లు మూసేశారా? నీళ్లు వడగట్టమంటే ఇళ్లలో ఒప్పుకున్నారా, ఏ బట్ట వాడేవారు? అప్పటి ఆరోగ్య కార్యకర్తలు ఎవరైనా తెలిస్తే దయచేసి అడిగి చెప్పండి. వాళ్లకిప్పుడు వయసు మీద పడి ఉంటుంది, అందుకే నా తొందర. ఊరు, మండలం, సుమారుగా ఏ సంవత్సరమో రాసినా చాలు.