విదేశంలో యుద్ధం, మన కౌంటీలో ఓటు: టాక్ రేడియో రెండింటినీ ముడిపెట్టడం సరైనదేనా?

రాలీ శ్రోత:
నార్త్ కరోలినాలో ఉంటున్నాను. రోజూ గంటంబావు కారులోనే గడుస్తుంది. ఏఎంలో కన్సర్వేటివ్ టాక్ రేడియో, అంటే హోస్ట్ రాజకీయాలు మాట్లాడుతూ శ్రోతల ఫోన్లు తీసుకునే షోలు, వినడం పన్నెండేళ్ల అలవాటు. పన్నులు, స్కూళ్ల గురించి వాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు నావి కూడా. అందుకే ఇది బాధతో రాస్తున్నాను.

2025 జూన్‌లో ఇరాన్‌లోని ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాలపై అమెరికా బాంబులు వేసిన వారం, నేను వినే లోకల్ షో హోస్ట్ దాడి గురించి పది నిమిషాలు మాట్లాడి, అదే ఊపులో కౌంటీ కమిషనర్ల మీదకు వచ్చాడు. ఈ దాడిని మెచ్చుకోనివాడికి మన పన్ను డబ్బు అప్పజెప్పొద్దన్నాడు. కమిషనర్లు చేసేది ఆస్తి పన్ను రేటు ఖరారు చేయడం, స్కూల్ భవనాలకూ షెరీఫ్ ఆఫీసుకూ నిధులివ్వడం. ఫోర్డోకీ దీనికీ ఏం సంబంధం?

ఫోన్ చేశాను. ఏ కాల్ హోస్ట్‌కు కలపాలో చూసే స్క్రీనర్ నా పేరు, ఊరు, విషయం అడిగి రాసుకున్నాడు. 1973 నాటి వార్ పవర్స్ చట్టం ప్రకారం సైన్యాన్ని యుద్ధంలోకి దింపితే ప్రెసిడెంట్ 48 గంటల్లో కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, తెలియజేయాలి, అనుమతి రాకపోతే మామూలుగా 60 రోజుల్లో సైన్యాన్ని ఆపాలి. రాజ్యాంగం పేరెత్తకుండా గంట గడవని షోలో దీని ఊసే లేదేమని అడుగుదామనుకున్నా. నలభై నిమిషాలు హోల్డ్‌లో ఉంచారు. చెవిలో షో నడుస్తూనే ఉంది, నా వంతు మాత్రం రాలేదు.

హ్యూస్టన్ బాబాయ్:
తమ్ముడూ, నీ కాల్ తీసుకోకపోవడం తప్పే. కానీ మొత్తం టాక్ రేడియోని ఒకే గాటన కట్టకు. అదే జూన్‌లో రేడియో హోస్ట్ మార్క్ లెవిన్ దాడిని గట్టిగా సమర్థిస్తే, అదే శిబిరంలో పేరున్న హోస్ట్‌లు టక్కర్ కార్ల్‌సన్, స్టీవ్ బానన్ ఇరాన్‌తో యుద్ధం వద్దని మొత్తుకున్నారు. ఒకే శిబిరంలో అంత పోట్లాట ఇంకెక్కడ విన్నావు? 2013లో సిరియా మీద దాడి మాట వచ్చినప్పుడూ చాలామంది కన్సర్వేటివ్ హోస్ట్‌లు వద్దన్నారు.

ఇరాక్ యుద్ధాన్ని రేడియోనే నెత్తికెత్తిందంటారు. పెద్ద పత్రికలు ఏం చేశాయి మరి? సద్దాం ఆయుధాల గురించి అవీ రాశాయి. 2002 అక్టోబర్‌లో సెనేట్ 77–23 ఓట్లతో ఆ యుద్ధానికి అనుమతిచ్చింది, అందులో డెమోక్రాట్లూ ఉన్నారు. వివాదాస్పద విషయాల మీద వేర్వేరు వాదనలకూ స్టేషన్లు చోటివ్వాలన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ని 1987లో ఎత్తేశారు, దాన్ని మళ్లీ తెమ్మంటావా? ఎవరికి ఎంతసేపు మైకు ఇవ్వాలో వాషింగ్టన్ చెప్పడం మొదలుపెడితే, ముందు మూతపడేది నీలాంటివాళ్లు ఫోన్ చేసే చిన్న స్టేషనే. ఇక విలువలు చూసి ఓటెయ్యమనడం నేరమేమీ కాదు. యుద్ధం మీద మనిషి నిలకడ తెలిస్తే పన్నుల మీద కూడా తెలుస్తుంది.

మెరైన్ అమ్మ:
బాబాయ్ గారూ, ఆ చివరి మాట దగ్గరే నాకు గుండె ఆగింది. మా అబ్బాయి మెరైన్. నార్త్ కరోలినాలోని మెరైన్ స్థావరం క్యాంప్ లెజూన్‌లో ఉన్నాడు. ఆ బేస్ ఉన్న నియోజకవర్గం నుంచే రిపబ్లికన్ కాంగ్రెస్‌మన్ వాల్టర్ జోన్స్ గెలిచేవారు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించిన ఫ్రాన్స్ మీద కోపంతో హౌస్ (ప్రతినిధుల సభ) క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరును ఫ్రీడమ్ ఫ్రైస్‌గా మార్చాలన్నవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఇరాక్ యుద్ధానికి ఓటేశారు. యుద్ధం మొదలైన కొన్ని వారాలకే లెజూన్‌లో ఒక మెరైన్ అంత్యక్రియలకు వెళ్లారు. అక్కడ ఆ మెరైన్ భార్య, అతను రాసిన చివరి ఉత్తరం చదివి వినిపించింది. జోన్స్ లోపల ఏదో విరిగింది. 2005 నాటికి యుద్ధానికి ఎదురుతిరిగారు. చనిపోయిన సైనికుల కుటుంబాలకు, ఆప్తులకు సంతకం చేసి పంపిన ఉత్తరాలు పదకొండు వేలు దాటాయి.

మీ లెక్కన ఆయన నిలకడ లేని మనిషి. 2008లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఒక కౌంటీ కమిషనర్ సరిగ్గా ఈ విషయం మీదే ఆయనతో పోటీపడ్డాడు. ఓటర్లు జోన్స్‌నే గెలిపించారు. సైనిక కుటుంబాలు నిండిన చోట! శవపేటికలు దిగే ఊళ్లో జనం తేడా తెలుసుకున్నారు, స్టూడియోలో కూర్చున్నవాళ్లు తెలుసుకోలేరా?

రేడియో ఆపెయ్యమని నేననను. మావాడూ డ్యూటీకి వెళ్తూ వింటాడు. కానీ ‘మనం కొట్టాం, మనం గెలిచాం’ అని హోస్ట్ అన్న ప్రతిసారీ ఆ ‘మనం’లో మా పిల్లాడు ఉన్నాడు. ఆయన లేడు.

హ్యూస్టన్ బాబాయ్:
అమ్మా, మీ అబ్బాయి క్షేమంగా ఉండాలి. జోన్స్ సంగతి నాకు సగమే తెలుసు. నిలకడ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ వద్దన్నది మాత్రం తీసుకోను.

రాలీ శ్రోత:
బాబాయ్, నేను అడిగేదీ ఆ నిబంధన కాదు. రోజుకు మూడు గంటలు మైకు పట్టుకున్న మనిషి ఆ గంటల్లో ఒక్క అయిదు నిమిషాలు, తనతో ఏకీభవించని కన్సర్వేటివ్‌కే ఇవ్వమంటున్నాను. కమిషనర్ల దగ్గరికి వస్తే, ఆస్తి పన్ను పెంచాడా లేదా అని అడగమంటున్నాను.

అక్కా, సోమవారం మళ్లీ ఫోన్ చేస్తున్నా. ఈసారి స్క్రీనర్ విషయం అడిగితే చట్టం పేరు చెప్పను. వాల్టర్ జోన్స్ ఉత్తరాల గురించి అని చెబుతాను.