క్రిప్టో పేమెంట్ గేట్‌వే పనులు వచ్చాయి, ఏది ఒప్పుకోవచ్చు? ఎలా నిర్మించాలి?

ఉండి కాలవగట్టు అడిగింది:

నమస్కారమండి. భీమవరంలో ముగ్గురం కలిసి వెబ్ పనులు చేస్తాం. నోడ్.జేఎస్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బాగా వచ్చు, ఈథరియం కాంట్రాక్టులు రాసే సాలిడిటీ భాష కాస్త వచ్చు. ఒకేసారి మూడు పనులు వచ్చాయి.

నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఒకాయన టేబుల్ క్లాత్‌లు, కర్టెన్లు సొంత సైట్లో అమ్ముతారు. దుబాయ్ కొనుగోలుదారు యూఎస్‌డీటీలో (డాలరు విలువకి ముడిపెట్టిన క్రిప్టో టోకెన్) ఇస్తానంటున్నాడు, సైట్లో ఆ బటన్ పెట్టమంటున్నారు. రెండోది ఎస్టోనియా కంపెనీది: అక్కడి వ్యాపారుల కోసం ఇన్వాయిస్ పేజీ, బ్లాక్‌చైన్ మీద సొమ్ము పడగానే పసిగట్టే సర్వీసు, ఆ కబురు వ్యాపారి సర్వర్‌కి పంపే వెబ్‌హుక్‌లు మొత్తం రాసివ్వాలట. మూడోది అమలాపురం వైపు నుంచి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు యూఎస్‌డీటీ పంపితే ఇక్కడ ఇంట్లోవాళ్లకి యూపీఐలో రూపాయలు పడే యాప్ కావాలంటున్నారు.

వీటిలో ఏది పట్టుకోవచ్చు? మాకు రిజిస్ట్రేషన్ ఏమైనా కావాలా? సొమ్ము పంపడానికి అందరికీ ఒకే వాలెట్ అడ్రస్ చూపిస్తే సరిపోతుందా, ఇన్వాయిస్‌కి ఒకటి ఇవ్వాలా? బిట్‌కాయిన్, ఈథరియం, ట్రాన్ మూడూ అడుగుతున్నారు.

---

తణుకు ఖాతాపుస్తకం:

రెండోది పట్టుకోండి. మొదటాయనకి నచ్చజెప్పండి. మూడోదాన్ని గుమ్మంలోనే ఆపేయండి.

మూడోదానితో మొదలెడతాను, ఎందుకంటే అది వినడానికి అన్నిటికంటే సులువుగా ఉంటుంది. అక్కడ యూఎస్‌డీటీ తీసుకుని ఇక్కడ రూపాయలు పంచితే అది హవాలా కిందకే వస్తుంది. యాప్ ఉందని దాని పేరు మారదు. రూపాయలు వేసే ఖాతాలోకి సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? పీ2పీలో (మనిషి నుంచి మనిషికి నేరుగా) యూఎస్‌డీటీ అమ్మితేనే కదా. కొన్నవాడు సైబర్ మోసం సొమ్ముతో కొన్నాడనుకోండి, ఎక్కడో బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు, ఆ సొమ్ము ఏయే ఖాతాలు దాటిందో అన్నిటికీ లీన్ (డబ్బు తీయకుండా నిలిపివేత) పడుతుంది. చివరికి అమలాపురంలో పెద్దావిడ ఖాతా కూడా స్తంభిస్తుంది. గల్ఫ్ నుంచి డబ్బు పంపడానికి ఎక్స్‌చేంజ్ హౌస్‌లు, బ్యాంకులు ఉన్నాయి, ఆ దారి చాలు.

లేసు ఎగుమతి సంగతి. సరుకు ఓడెక్కినా, కొరియర్‌లో వెళ్లినా షిప్పింగ్ బిల్లు ఉంటుంది. ఆ బిల్లుకి విదేశీ మారకం అధీకృత బ్యాంకు ద్వారా వచ్చినట్టు ఈడీపీఎంఎస్‌లో (ఎగుమతి చెల్లింపుల లెక్క చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ) సరిపోలాలి, అప్పుడే ఈ-బీఆర్‌సీ (సొమ్ము వచ్చినట్టు ధ్రువపత్రం) వస్తుంది. యూఎస్‌డీటీ వాలెట్‌లో పడితే ఆ బిల్లు తెరిచే ఉంటుంది. బ్యాంకు నోటీసులు, ఆగిపోయిన ప్రోత్సాహకాలు, ఇవన్నీ ఆయన నెత్తిన పడతాయి. పోనీ తీసుకున్న యూఎస్‌డీటీని ఇక్కడ ఎక్స్‌చేంజీలో అమ్మితే 1 శాతం టీడీఎస్ కోస్తారు. ధర తేడాలో లాభం ఉంటే దానిమీద 30 శాతం పన్ను, పైన సెస్. నష్టం వస్తే దేనికీ సర్దుకోవడం కుదరదు. 2022 నుంచి ఇదే లెక్క. అంతకంటే దుబాయ్ కొనుగోలుదారు చేత డాలర్లలో వైర్ వేయించడం చవక, నిద్ర కూడా పడుతుంది.

ఇక రిజిస్ట్రేషన్. 2023 మార్చి 7న ఆర్థిక శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో క్రిప్టో సేవలు మనీ లాండరింగ్ చట్టం కిందకి వచ్చాయి. ఇతరుల తరఫున క్రిప్టోని రూపాయల్లోకి మార్చినా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపినా, భద్రపరిచినా ఎఫ్‌ఐయూ-ఇండియాలో (కేంద్ర ఆర్థిక నిఘా విభాగం) నమోదు కావాలి. కేవైసీ, అయిదేళ్ల రికార్డులు, అనుమానాస్పద లావాదేవీల నివేదికలు అన్నీ తగులుకుంటాయి. ముగ్గురి టీమ్ మోసే బరువు కాదది. ఇక్కడ చూసేది పని స్వభావాన్ని. సాఫ్ట్‌వేర్ రాసిచ్చి, క్లయింటే తన సర్వర్ మీద, తన కీలతో (వాలెట్‌లో సొమ్ము కదిపే రహస్య సంఖ్యలు) నడుపుకుంటే మీరు సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు. అదే సర్వర్ మీరు పెట్టి, కీలు మీ దగ్గర ఉంచుకుని, లావాదేవీకి ఇంత అని కమిషన్ తీసుకుంటే కథ వేరు.

ఎస్టోనియా కంపెనీకి ఐరోపా సమాఖ్య క్రిప్టో చట్టమైన మైకా నిబంధనలు వర్తిస్తాయి. క్రిప్టో సేవలిచ్చేవాళ్లకి అవి 2024 డిసెంబరు 30 నుంచి అమల్లో ఉన్నాయి. లైసెన్సు ఉందా అని మెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి. యూఎస్‌డీటీకి మైకా అనుమతి లేదు కాబట్టి అక్కడి ఎక్స్‌చేంజీలు దాన్ని జాబితాలోంచి తీసేశాయి. ఆ క్లయింట్‌కి మరో డాలరు టోకెన్ యూఎస్‌డీసీ ముందు పెట్టమని మీరే చెప్పండి. మీ ఫీజు మాత్రం యూరోల్లోనో డాలర్లలోనో బ్యాంకుకే రావాలి. ఆ సొమ్ము దేనికో బ్యాంకుకి చెప్పే పర్పస్ కోడ్ పీ0802. జీఎస్టీకి ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) వేసుకోండి. "ఫీజు కూడా క్రిప్టోలో ఇస్తాం" అంటే వద్దనండి.

---

లాకు సూపర్‌వైజరు:

పైన చెప్పినదంతా సరే. నేను గేట్‌వే నిర్మించే పద్ధతి చెబుతాను.

ఇన్వాయిస్‌కి ఒక అడ్రస్ ఇవ్వండి. ఒకే అడ్రస్ పెట్టి, పైసల తేడాతో ఎవరు కట్టారో గుర్తుపడదామని (180.37, 180.38 అంటూ) చాలామంది మొదలెడతారు. అది నిలవదు. కొనేవాళ్లు ఎక్కువగా ఎక్స్‌చేంజీ నుంచి నేరుగా పంపుతారు, కొన్నిచోట్ల విత్‌డ్రా ఫీజు పంపే సొమ్ములోంచే కోస్తారు. 180.37 రావలసిన చోట 179.37 వస్తుంది. అది ఎవరిదని చెబుతారు?

అడ్రస్‌లు పుట్టించడానికి సర్వర్ మీద ప్రైవేట్ కీ అక్కర్లేదు. క్లయింట్ తన హార్డ్‌వేర్ వాలెట్‌లోంచి (కీలు దాచే పరికరం) ఎక్స్‌పబ్ (అడ్రస్‌లు పుట్టించగలిగినా సొమ్ము కదపలేని బహిరంగ కీ) ఇస్తాడు, సర్వర్ దాంతో 0, 1, 2 అంటూ అడ్రస్‌లు తీసుకుంటూ పోతుంది. అడ్రస్‌లు తీసే దారిలో వాడే కాయిన్ నంబరు బిట్‌కాయిన్‌కి 0, ఈథరియంకి 60, ట్రాన్‌కి 195. ఒక ప్రమాదం మాత్రం ఉంది: ఎక్స్‌పబ్‌తోపాటు దాని కింద ఉన్న ఏ ఒక్క అడ్రస్ ప్రైవేట్ కీ బయటపడినా, పైనున్న ప్రైవేట్ కీ లెక్కకట్టేయొచ్చు. దాంతో అన్ని అడ్రస్‌లూ పోయినట్టే. "స్వీప్ చేయడానికి (అడ్రస్‌ల సొమ్ముని ముఖ్య వాలెట్‌కి లాగడానికి) ఈ ఒక్క కీ సర్వర్లో పెడదాం" అని ఎవరన్నా ఒప్పుకోకండి.

బిట్‌కాయిన్‌కి సొంతంగా రాయొద్దు, బీటీసీపే సర్వర్ అనే తయారు గేట్‌వే పెట్టించండి. ఉచితం, ఓపెన్ సోర్స్. ప్రూన్ చేసిన (పాత బ్లాకులు తీసేసిన) బిట్‌కాయిన్ నోడ్‌తో 2 జీబీ ర్యామ్, 80 జీబీ డిస్కు ఉన్న వీపీఎస్ (అద్దె సర్వర్) మీద నడుస్తుంది. క్లౌడ్‌లోనే పెట్టండి. నవంబరులో తుపాను పట్టిందంటే భీమవరంలో కరెంటు ఎప్పుడొస్తుందో ట్రాన్స్‌కో వాళ్లకే తెలియదు. ఇక్కడ తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: బీటీసీపేలో బ్యాలెన్స్ కనిపిస్తుంది, అదే సీడ్‌ని (వాలెట్‌ని తిరిగి తెచ్చే రహస్య పదాలు) ఎలక్ట్రమ్ అనే వాలెట్ యాప్‌లో ఎక్కిస్తే సొమ్ము తక్కువ చూపిస్తుంది. డబ్బు ఎక్కడికీ పోలేదు. వరసగా 20 ఖాళీ అడ్రస్‌లు కనబడితే ఎలక్ట్రమ్ అక్కడితో వెతకడం ఆపేస్తుంది. కట్టకుండా వదిలేసిన ఇన్వాయిస్‌లు వరసగా 20 దాటితే ఆ తర్వాత వచ్చిన సొమ్ము దానికి కనబడదు. ఆ పరిమితిని (గ్యాప్ లిమిట్) 500కి పెంచితే అంతా ప్రత్యక్షం. ఈ మాట హ్యాండోవర్ కాగితంలో రాసివ్వండి, లేకపోతే అర్ధరాత్రి ఫోన్ వస్తుంది.

ఈథరియం వైపు మీరు చూడాల్సింది టోకెన్ కాంట్రాక్ట్ (టోకెన్‌ని నడిపే, చైన్ మీద ఉండే ప్రోగ్రామ్) వదిలే ట్రాన్స్‌ఫర్ ఈవెంట్లని. కాంట్రాక్ట్ అడ్రస్ అసలుదేనా అని పోల్చండి, టోకెన్ పేరు చూసి నమ్మొద్దు. యూఎస్‌డీటీ అనే పేరుతో ఎవడైనా టోకెన్ వదలొచ్చు. సున్నా మొత్తంతో వచ్చే ఈవెంట్లని వదిలేయండి, అవి అడ్రస్‌ని కలుషితం చేసే మోసగాళ్లవి. డెసిమల్స్ (చుక్క తర్వాత వచ్చే అంకెల సంఖ్య) చైన్‌ని బట్టి మారతాయి. యూఎస్‌డీటీకి ఈథరియం మీద, ట్రాన్ మీద 6. బీఎన్‌బీ చైన్ మీద 18. 6 అని కోడ్‌లో రాసేసి రేపు బీఎన్‌బీ కలిపితే, ఒక డాలరు పంపినవాడికి లక్ష కోట్ల డాలర్లు జమ అవుతాయి.

మొత్తాలని జావాస్క్రిప్ట్ నంబర్‌లో పెట్టొద్దు. 18 డెసిమల్స్‌లో 0.009 ఈథర్ దాటితేనే అది ఖచ్చితత్వం కోల్పోతుంది. కోడ్‌లో బిగ్‌ఇంట్, పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ 78 అంకెలు. 180 డాలర్ల కర్టెన్ అంటే డేటాబేస్‌లో 180000000. చుక్క పెట్టడం స్క్రీన్ మీద చూపించేటప్పుడే.

వెబ్‌సాకెట్‌ని (నోడ్ నుంచి ఈవెంట్లు అప్పటికప్పుడు వచ్చే లైను) నమ్ముకుని కూర్చోవద్దు. అది తెగిన పది సెకన్లలో వచ్చిన ఈవెంట్ మళ్లీ రాదు. చివరగా చదివిన బ్లాక్ నంబరు రాసుకోండి, అక్కడి నుంచి లాగ్‌లు అడగండి, ప్రతిసారీ కొన్ని బ్లాకులు వెనక్కి వెళ్లి మళ్లీ చదవండి. ఒకే ఈవెంట్ రెండుసార్లు రావడం మామూలే కాబట్టి చైన్, లావాదేవీ హ్యాష్, లాగ్ ఇండెక్స్ (ఈవెంట్ వరస సంఖ్య) మూడూ కలిపి యూనిక్ పెట్టండి. హ్యాష్ ఒక్కటే పెడితే, ఒకే లావాదేవీలో రెండు ఇన్వాయిస్‌లు కట్టినవాడి రెండో జమ మాయమవుతుంది.

సరుకు ఎప్పుడు వదలాలి? ఈథరియంలో నోడ్‌ని, ఇక వెనక్కి పోదని తేలిన "ఫైనలైజ్డ్" బ్లాక్ అడగండి, దాదాపు 13 నిమిషాలు పడుతుంది. ట్రాన్‌లో బ్లాకులు తయారుచేసే 27 మంది సూపర్ ప్రతినిధుల్లో 19 మంది బ్లాకులు పైన పడితే స్థిరపడినట్టు, సుమారు నిమిషం. బిట్‌కాయిన్‌లో చిన్న ఆర్డరుకి 1 కన్ఫర్మేషన్ (లావాదేవీ చేరిన బ్లాకుతో మొదలెట్టి లెక్కపెట్టే బ్లాకులు), పెద్దదానికి 6. సున్నా కన్ఫర్మేషన్‌తో పార్సిల్ కట్టొద్దు, ఎక్కువ ఫీజుతో అదే సొమ్ముని ఇంకోచోటికి మళ్లించుకోవచ్చు.

ఇన్వాయిస్ స్థితులు లాకు తలుపుల్లా ఉండాలి, వెనక తలుపు మూయకుండా ముందుది తెరవకూడదు. "కనబడింది", "స్థిరపడింది", "వ్యాపారికి చెప్పాం" వేర్వేరు గడులు. తక్కువ కట్టినవి, ఎక్కువ కట్టినవి, గడువు దాటాక వచ్చినవి విడిగా పెట్టి మనిషి చూసేలా వదలండి. 1 శాతం లోపు తక్కువైతే సరిపెట్టుకోవచ్చు. వాపసు ఇవ్వాల్సి వస్తే పంపిన అడ్రస్‌కే తిప్పికొట్టకండి! అది ఎక్స్‌చేంజీ ఉమ్మడి వాలెట్ అయి ఉంటుంది, కొన్నాయన ఖాతాకి చేరదు. వాపసు అడ్రస్ కొన్నవాళ్లనే అడగాలి.

---

కడియం నర్సరీ:

సూపర్‌వైజరు గారూ, బిట్‌కాయిన్‌కి ఇన్వాయిస్‌కొక అడ్రస్ బాగానే ఉంది. ట్రాన్ మీద అదే చేస్తే స్వీప్ ఖర్చు చూశారా?

కొత్త ట్రాన్ అడ్రస్‌లోకి యూఎస్‌డీటీ వచ్చినా ఆ ఖాతా ఇంకా చైన్ మీద పుట్టనట్టే లెక్క. దాన్ని తెరవడానికి ట్రాన్ సొంత కాయిన్ టీఆర్‌ఎక్స్ పంపాలి, అందుకే సుమారు 1.1 టీఆర్‌ఎక్స్ పోతుంది. అక్కడి నుంచి ముఖ్య వాలెట్‌కి యూఎస్‌డీటీ లాగడానికి సుమారు 65,000 ఎనర్జీ (ట్రాన్‌లో లావాదేవీ ఖర్చుకి కొలత) పడుతుంది. తీసుకునే అడ్రస్‌లో యూఎస్‌డీటీ అసలు లేకపోతే దానికి రెట్టింపు, 1,30,000. ఎనర్జీ ధర 2025 ఆగస్టులో 210 సన్ (టీఆర్‌ఎక్స్‌లో పది లక్షల వంతు) నుంచి 100 సన్‌కి తగ్గాక కూడా ఒక్కో స్వీప్‌కి ఆరున్నర నుంచి పదమూడు టీఆర్‌ఎక్స్ కాలుతుంది. అయిదు డాలర్ల ఇన్వాయిస్‌లకి ఇది గిట్టదు.

అందుకని మూడు పనులు చేయండి. ముఖ్య వాలెట్‌ని ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయొద్దు, ఒక యూఎస్‌డీటీ వదిలేస్తే ప్రతి స్వీప్ 65,000లోనే అయిపోతుంది. పడిన వెంటనే లాగకుండా, ఇంత మొత్తం చేరాకే లాగండి. టీఆర్‌ఎక్స్‌ని స్టేక్ చేసి (కదపకుండా కట్టిపెట్టి) ఎనర్జీ సంపాదించి, స్వీప్ చేసే అడ్రస్‌కి దాన్ని డెలిగేట్ చేయండి (అరువివ్వండి). ఫీ లిమిట్ మరీ తక్కువ పెడితే మధ్యలో ఎనర్జీ అయిపోతుంది, సొమ్ము కదలదు, టీఆర్‌ఎక్స్ మాత్రం కాలిపోతుంది. అదే కొనేవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే వ్యాపారమైతే, ఇన్వాయిస్‌కి కాకుండా ఖాతాదారుకి ఒక అడ్రస్ ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

---

లాకు సూపర్‌వైజరు:

మరేనండి, ట్రాన్‌కి ఖాతాదారుకొక అడ్రస్ ఒప్పుకుంటాను. కాకపోతే ఆ ఖాతాదారుకి ఒకేసారి రెండు ఇన్వాయిస్‌లు తెరిచి ఉండనివ్వకండి, ఏ జమ దేనిదో తేలదు.

---

ఉండి కాలవగట్టు:

చాలా మేలు చేశారండీ. నరసాపురం ఆయనతో మాట్లాడాను, వైర్‌కే ఒప్పుకున్నారు. మూడోవాళ్లకి కుదరదని చెప్పేశాం. ఎస్టోనియా వాళ్లు మాత్రం స్వీప్ కూడా మేమే నడపాలి, సీడ్ పంపుతాం అంటున్నారు. ఎలా తప్పించుకోవాలి? వెబ్‌హుక్ దగ్గర చూసుకోవాల్సినవి ఏమన్నా ఉన్నాయా?

---

తణుకు ఖాతాపుస్తకం:

సీడ్ మెయిల్లో వచ్చిన క్షణం నుంచి ఏ రూపాయి పోయినా ముందు మీ వైపే చూస్తారు. ఒప్పందంలోనే రాయండి: సీడ్‌గానీ ప్రైవేట్ కీగానీ తీసుకోం, పొరపాటున పంపితే ఆ వాలెట్ మార్చుకునే బాధ్యత క్లయింట్‌ది. మీరు సంతకం లేని లావాదేవీ తయారుచేసి ఇస్తారు. సంతకం వాళ్ల హార్డ్‌వేర్ వాలెట్‌లో, వాళ్ల మనిషి చేతిలో.

---

కడియం నర్సరీ:

వెబ్‌హుక్ సంగతి. హెచ్‌మాక్ సంతకాన్ని (కబురు అసలుదేనని రుజువు చేసేది) వచ్చిన ముడి బాడీ మీదే లెక్కకట్టాలి. జేసన్‌ని విప్పి మళ్లీ కట్టి లెక్కేస్తే ఖాళీలు మారి సంతకం కుదరదు, అప్పుడు ఎవరో ఒకరు విసుగెత్తి ఆ తనిఖీనే తీసేస్తారు. వెబ్‌హుక్ అందగానే వ్యాపారి సర్వర్ దాన్నే నమ్మి ఆర్డరు వదలకుండా, ఇన్వాయిస్ స్థితిని ఏపీఐలో ఇంకోసారి అడిగేలా నమూనా కోడ్ ఇవ్వండి. అటువైపు జవాబు రాకపోతే వ్యవధి పెంచుకుంటూ మళ్లీ పంపాలి, ప్రతి సందేశానికీ మారని ఐడీ ఉండాలి.

అప్పగించే ముందు అసలు సొమ్ము లేని టెస్ట్‌నెట్‌లలో (ఈథరియంకి సెపోలియా, ట్రాన్‌కి నైల్, బిట్‌కాయిన్‌కి రెగ్‌టెస్ట్) కావాలని చెడగొట్టి చూడండి. సగం సొమ్ము పంపండి, రెండుసార్లు పంపండి, గడువు దాటాక పంపండి, అదే పేరుతో దొంగ టోకెన్ చేసి పంపండి. రెగ్‌టెస్ట్‌లో ఒక బ్లాకుని చెల్లనిదిగా చేసి, "స్థిరపడింది" అన్న ఇన్వాయిస్ వెనక్కి వస్తుందో లేదో చూడండి. సొమ్ము దారిలో ఉండగా చైన్‌ని కనిపెట్టి చూసే వాచర్ ప్రాసెస్‌ని చంపేసి, గంట తర్వాత లేపండి. ఆ జమ ఒక్కసారే పడిందా అన్నది క్లయింట్ కళ్ల ముందే చూపించి బిల్లు పెట్టండి.