బోనవిల్ దాటిన స్టీల్‌హెడ్ మెక్‌నరీకి ఎన్ని రోజుల్లో చేరుతుంది?

పాస్కో_తమ్ముడు
అమెరికాలో కొలంబియా నది మీద బోనవిల్ డ్యామ్ దగ్గర ఈ వారం స్టీల్‌హెడ్, అదే సముద్రానికి పోయి నదికి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్, లెక్క బాగా పెరిగింది. నేను గాలం వేసేది మెక్‌నరీ డ్యామ్ కింద. ఈ చేప ఎదురీదుతూ రోజుకి ముప్పై నలభై కిలోమీటర్లు పోతుందంటారు కదా. ఆ లెక్కన ఆగస్టు నెలాఖరుకి సెలవు పెట్టుకోవచ్చా?

గాలం_మాస్టారు
పెట్టెయ్. బోనవిల్ సముద్రం నుంచి 146వ మైలు దగ్గర, మెక్‌నరీ 292వ మైలు దగ్గర ఉంటాయి. మధ్యలో 146 మైళ్ళు, అంటే 235 కిలోమీటర్లు. రోజుకి 35 చొప్పున వారం కూడా పట్టదు. దారిలో అడ్డం వచ్చే డ్యామ్‌లు రెండే, ది డాలస్, జాన్ డే.

కందిపచ్చడి
146 బోనవిల్ మైలు నంబరు కదా మాస్టారూ, అదే దూరం ఎలా అయింది?

గాలం_మాస్టారు
292లోంచి 146 తీసి చూడు నాయనా.

నది_లెక్కలు
తమ్ముడూ, తొందరపడి సెలవు పెట్టకు. మాస్టారు చెప్పింది ఈత వేగం, నువ్వు అడిగింది ప్రయాణం పట్టే కాలం. రెండూ వేరు.

ఈ వేగాలు తెలిసేది పిట్ ట్యాగుల వల్ల. చేప ఒంట్లో పెట్టే 12 మిల్లీమీటర్ల గాజు గొట్టం, బియ్యపు గింజంత ఉంటుంది, బ్యాటరీ ఉండదు. డ్యామ్ పక్కన చేపలు ఎక్కే మెట్ల కాలవలో, అదే ఫిష్ ల్యాడర్‌లో, యాంటెన్నా దాటగానే దాని నంబరు నమోదవుతుంది. బోనవిల్ దగ్గర ఒక టైము, మెక్‌నరీ దగ్గర ఒక టైము. మధ్యలో ఆ చేప ఈదిందా, నిద్రపోయిందా ఈ రెండు నంబర్లు చెప్పవు.

ఊరికే ఉదాహరణకి, ఐదు చేపలకి 6, 6, 7, 8, 48 రోజులు పట్టాయనుకో. మధ్యలో ఉన్నది 7, అంటే రోజుకి 33 కిలోమీటర్లు. సగటు 15 రోజులు, అంటే రోజుకి 16 కూడా లేదు. ఏ నంబరు పట్టుకుంటావో దాన్ని బట్టి చేప రెట్టింపు వేగంగానో సగం వేగంగానో కనిపిస్తుంది. ఆగస్టులో అలా ఆలస్యమయ్యే చేపలు చాలానే ఉంటాయి.

గాలం_మాస్టారు
48 రోజులు పట్టిన చేప ప్రయాణం చేస్తున్నట్టు కాదు, ఆగిపోయినట్టు. బస్సు విజయవాడలో రెండు గంటలు ఆగిందని దాని స్పీడు తగ్గిందంటామా? అసలు జాన్ డే రిజర్వాయర్ 76 మైళ్ళ పొడవు, ప్రవాహం దాదాపు లేదు. నిలవ నీటిలో చేప ఇంకా తొందరగా పోతుంది. ఆలస్యమంతా డ్యామ్ కింద ల్యాడర్ నోరు వెతుక్కునే దగ్గరే.

నది_లెక్కలు
నిలవ నీటి సంగతి ఒప్పుకుంటా. బస్సు పోలిక మాత్రం కుదరదు. తమ్ముడికి కావాల్సింది బస్సు ఎప్పుడు చేరుతుందన్నది, హైవే మీద ఎంత స్పీడులో పోతుందన్నది కాదు.

కందిపచ్చడి
ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పులస ఆగినట్టా?

చల్లనీళ్ళు
కాదండీ. పులసకి అడ్డు గోడ, దీనికి అడ్డు వేడి. కొలంబియా నీరు 19, 20 డిగ్రీలు దాటితే స్టీల్‌హెడ్ పెద్ద నది వదిలి చల్లని ఉపనదుల నోళ్ళలోకి తప్పుకుంటుంది. ఈగిల్ క్రీక్, హెర్మన్ క్రీక్, డ్రానో లేక్, వైట్ సామన్, డెష్యూట్స్. అక్కడ రోజులు, ఒక్కోసారి వారాలు ఉండిపోతుంది.

తొందర లేకపోవడానికి కారణం ఉంది. బోనవిల్ పైకి వచ్చేవాటిలో ఎక్కువ భాగం వేసవి రకం. ఇప్పుడు నదిలోకి వచ్చినా గుడ్లు పెట్టేది వచ్చే వసంతంలోనే. మధ్యలో తిండి దాదాపు ఉండదు, ఒంట్లో ఉన్న కొవ్వుతోనే చలికాలమంతా గడపాలి. వేడి నీటిలో ఆ కొవ్వు తొందరగా కరిగిపోతుంది. ఆగడం దానికి లాభం.

ల్యాడర్‌లోనూ ఇదే గోల. పైన రిజర్వాయర్ ఉపరితలం వేడెక్కితే ఆ నీరే ల్యాడర్‌లోకి దిగుతుంది. కింద చల్లగా, పైన వెచ్చగా ఉంటే చేప సగం ఎక్కి వెనక్కి దిగిపోతుంది. మెక్‌నరీకి పైన కొలంబియాలో కలిసే స్నేక్ నది మీద లిటిల్ గూస్, లోయర్ గ్రానైట్ డ్యామ్‌ల దగ్గర లోతు నీటిని పంపులతో తోడి ల్యాడర్ పైభాగంలో కలుపుతున్నది అందుకే.

గాలం_మాస్టారు
ఇవన్నీ తెలిసినవేనమ్మా. నా ప్రశ్నకి సమాధానం చెప్పండి. ఆరు రోజుల్లో మెక్‌నరీ చేరే చేపలు ఉన్నాయా లేవా?

నది_లెక్కలు
ఉన్నాయి. కానీ వాటిని చూసి సెలవు పెడితే ఖాళీ నది చూసి రావాలి. ఇంకోటి, బోనవిల్‌లో లెక్క ఎక్కువైన రోజు నుంచి మెక్‌నరీలో ఎక్కువైన రోజు దాకా రోజులు లెక్కేసి వేగం కడుతుంటారు చాలామంది. అదీ తప్పే. మధ్యలో క్లికిటాట్, డెష్యూట్స్, జాన్ డే నదుల చేపలు తమ దారిన పోతాయి. పైన కనిపించేది వేరే గుంపు. పైగా డ్యామ్ ఎక్కిన చేప నీళ్ళు వదిలే స్పిల్‌వే మీదుగా కిందికి జారి, మళ్ళీ ఎక్కితే ల్యాడర్‌లో చేపలు లెక్కపెట్టే కిటికీ దగ్గర రెండుసార్లు లెక్క పడుతుంది.

గాలం_మాస్టారు
మీ దగ్గర లెక్కలే తప్ప చేపలు లేవు. అయినా మెక్‌నరీ దాకా ఎందుకు? ఆగస్టులో చేప ఎక్కడుందో చల్లనీళ్ళు గారే చెప్పారు. తమ్ముడూ, డ్రానోకి వచ్చెయ్.

చల్లనీళ్ళు
నేను ఆ పేర్లు చెప్పింది గాలం వెయ్యమని కాదు. వేడికి తట్టుకోలేక వచ్చి గుంపుగా నిలబడ్డ చేప మీద గాలం వెయ్యడం ఏం వేటండీ? పట్టి వదిలేసినా, వెచ్చటి నీటిలో పోరాడిన చేప బతికే అవకాశం తగ్గుతుంది. స్నేక్ నది స్టీల్‌హెడ్ 1997 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద ఉంది. ఒరెగాన్ వైపు ఈగిల్, హెర్మన్, డెష్యూట్స్ నోళ్ళ దగ్గర జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా గాలం నిషేధించింది ఊరికే కాదు.

గాలం_మాస్టారు
అదీ సంగతి. వేగం గురించి ఇంత రభస ఎందుకా అనుకున్నా. ఇక్కడ గాలం పట్టిన ప్రతివాడూ మీకు దొంగే. లైసెన్సు కొనేది మేము, సీజను కోసేది మాకు. వలలు వేసేవాళ్ళని ఒక్కరూ అడగరు.

నది_లెక్కలు
ఆ వలల హక్కు ఇక్కడి ఆదివాసీ తెగలది, 1855 ఒప్పందాల నాటిది. దాన్ని ఇందులోకి లాగకండి.

చల్లనీళ్ళు
దొంగ అని నేను అనలేదు. మీ వేగం లెక్కతో నాకు పేచీ ఎందుకంటే, చేప ఆరు రోజుల్లో దాటేస్తుందని నమ్మితే చల్లని నోళ్ళకి విలువే ఉండదు. దాటి పోయేదానికి ఆశ్రయం ఎందుకంటారు. ఆగుతుందని ఒప్పుకుంటేనే అక్కడ దాన్ని వదిలెయ్యాలన్న మాట వస్తుంది.

గాలం_మాస్టారు
ఆగదని నేనెప్పుడు అన్నాను? ఆగిన కాలాన్ని వేగంలో కలపొద్దన్నాను.

పాస్కో_తమ్ముడు
మీరిద్దరూ కాసేపు ఆగండి. సెలవు ఎప్పుడు పెట్టను?

నది_లెక్కలు
సెప్టెంబర్ మూడో వారం తర్వాత. తేదీ కన్నా నీటి వేడి చూడు. రోజూ మెక్‌నరీ ఉష్ణోగ్రత రాసుకో. 20 కిందికి దిగి నాలుగైదు రోజులు అక్కడే నిలిస్తే ఆగిన చేపలు కదులుతాయి. ఒక్కరోజు దిగిందని బయల్దేరకు, ఎండ కాస్తే మళ్ళీ ఎక్కుతుంది. ల్యాడర్‌లో చేప పగలే ఎక్కువగా ఎక్కుతుంది. నెట్‌లో పెట్టే లెక్క ముందు రోజుది అనుకో.

చల్లనీళ్ళు
నీ థర్మామీటర్‌తో కూడా చూసుకో. తాడుకి సీసం గుండు కట్టి మూడు మీటర్లు దించి, రెండు నిమిషాలు ఆగి తియ్యి. తీయగానే చదువు, గాలి తగిలితే అంకె మారిపోతుంది. ఒడ్డున మోకాళ్ళ లోతులో కొలిస్తే ఎండకి కాగిన నీరే తగులుతుంది. వీపు మీద తోక దగ్గరి చిన్న కొవ్వు రెక్క ఉంటే అది సహజంగా పుట్టిన చేప అనే అనుకో. నీళ్ళలోంచి పైకెత్తకుండానే కొక్కెం తియ్యి. రెక్క కోసి ఉంటే హేచరీలో, అంటే పెంపక కేంద్రంలో పుట్టిన చేప, రూలు ఒప్పుకుంటే ఇంటికి తెచ్చుకో. రూళ్ళు సీజను మధ్యలో మారిపోతుంటాయి, వెళ్ళే రోజు పొద్దున చూడు.

కందిపచ్చడి
292లోంచి 146 పోతే ఇంకా 146 మిగిలింది. చేప కన్నా ఈ నంబరే మొండిది.

గాలం_మాస్టారు
సెప్టెంబర్ 20 దాటాక పో తమ్ముడూ, అది నేనూ ఒప్పుకుంటా. ఆరు రోజుల మాట మాత్రం వెనక్కి తీసుకోను.