వానొస్తే ట్రిప్పవుతున్న కామన్ ప్యానెల్ ఆర్‌సీసీబీ: తీసేద్దామా, 100కి మారుద్దామా, ఉంచుదామా?

తూర్పుబ్లాక్_కార్యదర్శి

మా అపార్ట్‌మెంట్ కామన్ ప్యానెల్ (అందరికీ ఉమ్మడి కరెంటు బోర్డు) విషయంలో సలహా కావాలి. మెయిన్‌గా ఒకే ఒక్క 63 ఆంపియర్ల, నాలుగు పోళ్ల, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే లైను తెంచే స్విచ్) ఉంది. తోట లైట్లు, మెట్ల లైట్లు, గేటు మోటారు, కెమెరాలు, సెల్లార్‌లో నీళ్లు తోడే 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపు అన్నీ దాని కిందే. లిఫ్టుకు మాత్రం వేరే లైను. గట్టి వాన పడితే అది ట్రిప్పవుతుంది, పంపు ఆగిపోతుంది, తెల్లారేసరికి సెల్లార్‌లో నీళ్లు నిలబడతాయి. కమిటీలో ఒకరు దాన్ని తీసేసి మామూలు ఎంసీబీ (లోడు మించినా, షార్టైనా పడే స్విచ్) పెట్టమంటున్నారు. ఇంకొకరు 100 మిల్లీఆంపియర్లది వేద్దామంటున్నారు. మిగతావాళ్లు ఉన్నది ఉంచి లీకేజీ వెతకాలంటున్నారు. వానలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. ఏది సరైనదో, ఎందుకో చెప్పండి.

పాతవైరింగ్

పంపు లైను మీద నుంచి దాన్ని తీసేయాలనే నేనంటాను. సెల్లార్ మునిగితే పోయేది బళ్లు మాత్రమే కాదు. మీటర్ బోర్డులు, లిఫ్టు పిట్, బ్యాటరీలు అన్నీ నీళ్లలోనే ఉంటాయి. అగ్నిమాపక పంపుకు 30 మిల్లీఆంపియర్ల ట్రిప్ పెట్టరు. అవసరమైన గంటలో అది ఆగకూడదు కాబట్టి. నీళ్లు తోడే పంపుకూ అదే న్యాయం. ఎర్త్ పిట్ (ఎర్త్ తీగను నేలలోకి దింపే గుంత) బాగుచేయించి, 32 ఆంపియర్ల ఎంసీబీ పెట్టండి. బాడీకి ఫేజ్ తగిలితే ఎంసీబీయే పడుతుంది.

ఎర్త్‌పిట్

పాతవైరింగ్ గారూ, ఆ చివరి వాక్యం దగ్గరే ప్రమాదమంతా ఉంది. లెక్క వేసి చూద్దాం.

పంపు బాడీకి ఫేజ్ తగిలింది. కరెంటు మన ఎర్త్ పిట్‌లోకి దిగి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్‌కు చేరాలి. మన పిట్ 4 ఓములు, అవతలిది 1 ఓము అనుకోండి. పిట్‌కు 4 ఓములంటే మంచి రీడింగే. మొత్తం 5 ఓములకు 230 వోల్టుల మీద పారేది 46 ఆంపియర్లు. 32 ఆంపియర్ల సీ కర్వ్ (రేటింగుకు 5 నుంచి 10 రెట్ల దగ్గర వెంటనే పడే రకం) ఎంసీబీ వెంటనే పడాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 1.45 రెట్లు, అంటే దాదాపు 46 ఆంపియర్ల దగ్గర దానికి ప్రమాణాలు ఇచ్చిన గడువు గంట. ఆ గంటసేపూ పంపు బాడీ మీద 184 వోల్టులు నిలబడి ఉంటాయి. సెల్లార్‌లో నీళ్లు ఎందుకు తగ్గలేదో చూద్దామని ఎవరో ఒకరు దిగేది కూడా అప్పుడే.

ఎర్త్ తీగ సప్లై కేబుల్‌తో పాటే ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లే చోట లూప్ (ఫాల్టు కరెంటు వెళ్లి తిరిగొచ్చే దారి మొత్తం నిరోధం) ఒక ఓము కంటే బాగా తక్కువ ఉంటుంది. అక్కడ మీరన్నట్టు ఎంసీబీ పడుతుంది. పిట్ ఒక్కటే దిక్కైన చోట పడదు. మీ ప్యానెల్‌కు ఏ ఏర్పాటు ఉందో లూప్ టెస్టర్‌తో కొలిపించకుండా ఎంసీబీని నమ్ముకోకూడదు.

ఆర్‌సీసీబీకి అంత మంచి పిట్ కూడా అక్కర్లేదు. పిట్ పాడైపోయి 100 ఓములు చూపించినా 2 ఆంపియర్లకు పైనే పారుతుంది. 30 మిల్లీఆంపియర్ల పరికరానికి అది చాలా ఎక్కువ. 150 మిల్లీఆంపియర్లు దాటితే 40 మిల్లీసెకన్లలోపు తెంచేయాలి.

అగ్నిమాపక పంపుతో పోలిక కూడా కుదరదు. అది తాళం వేసిన గదిలో, దిమ్మె మీద బిగించి ఉంటుంది. చుట్టూ ఉన్న లోహపు పైపులన్నీ ఎర్త్‌కు కలిపి ఉంటాయి. ఇది మనుషులు నడిచే నీళ్లలోనే పడి ఉంటుంది.

రెండోఅంతస్తు

అలాగైతే మధ్యే మార్గంగా 100 మిల్లీఆంపియర్లది వేస్తే ఏమవుతుంది? ఎర్త్ ఫాల్టుకు అదీ పడుతుంది కదా. చీటికీ మాటికీ పడే బాధ కూడా తప్పుతుంది.

ఎర్త్‌పిట్

బాడీకి ఫేజ్ తగిలి, ఎర్త్ తీగ గట్టిగా ఉంటే అదీ పడుతుంది. ఎర్త్ తీగ తెగినప్పుడు, లేదా తోలు ఊడిన కేబుల్‌ను మనిషి నేరుగా తాకినప్పుడు పారే కరెంటు మనిషి ఒంట్లోంచే పారుతుంది. రబ్బరు చెప్పులు, తడి చేతులు, మొత్తం దారి 3,000 ఓములు అనుకోండి. 77 మిల్లీఆంపియర్లు వస్తుంది. 100 మిల్లీఆంపియర్ల పరికరం 50 వరకూ కదలకూడదు, 100 దాటితే కదిలి తీరాలి. మధ్యలో పడుతుందో లేదో హామీ లేదు. 10 మిల్లీఆంపియర్లకే చేయి విడిపించుకోవడం కష్టమవుతుంది, 30 దాటి కాసేపు నిలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే మనిషి ప్రాణానికి లెక్కలోకి వచ్చే రేటింగ్ 30, అంతకంటే తక్కువ. 100, 300 రేటింగులు ప్యానెల్ మొదట్లో ఉండాల్సినవి, 300 ముఖ్యంగా వైరింగ్‌లో మంటలు రాకుండా. పంపు దగ్గర చివరి కాపలాగా అవి చాలవు.

మెగ్గర్500

అందరూ ‘చీటికీ మాటికీ’ అంటున్నారు కాబట్టి ఒక లెక్క. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాకా పడకూడదు, 30కి పడాలి. 230 వోల్టుల దగ్గర ఒకే చోటి నుంచి 15 మిల్లీఆంపియర్లు కారాలంటే అక్కడి ఇన్సులేషన్ దాదాపు 15 కిలో ఓములకు పడిపోయి ఉండాలి. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే ఆరోగ్యమైన సర్క్యూట్ కనీసం 1 మెగా ఓము చూపించాలి. అంటే మీ దగ్గర ఎక్కడో అరవై రెట్లకు పైగా దిగజారిందన్నమాట. అది పరికరం తప్పు కాదు.

ఇంకో సంగతి కూడా ఉంటుంది. కెమెరాల అడాప్టర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు మామూలుగానే కొద్దికొద్దిగా ఎర్త్‌లోకి వదులుతాయి. అన్నీ ఒకే ఆర్‌సీసీబీ కింద కూడితే ఎండరోజే 10 మిల్లీఆంపియర్ల దాకా చేరొచ్చు. ఆ పైన చిన్న తడి చాలు.

రెంటికీ తేడా తెలియాలంటే లీకేజీ క్లాంప్ మీటరు (తీగల చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) కావాలి. మామూలు క్లాంప్ మిల్లీఆంపియర్లు చూపించదు. ఆర్‌సీసీబీ బయటికొచ్చే మూడు ఫేజులూ న్యూట్రలూ నాలుగూ కలిపి క్లాంప్ దవడల మధ్య పెట్టండి. ఎర్త్ తీగ మాత్రం లోపల ఉండకూడదు. ఎండలో ఒక రీడింగు, వానలో ఒక రీడింగు రాసుకోండి. ఎండలోనే 9 దాటితే, అంటే రేటింగులో 30 శాతం, సర్క్యూట్లు విడగొట్టక తప్పదు. ఎండలో 3, వానలో 20 వస్తే తడి ఎక్కడో ఉంది. తర్వాత ఒక్కో సర్క్యూట్ ఫేజూ న్యూట్రలూ జతగా పెట్టి చూస్తూ పోతే అరగంటలో దొరుకుతుంది.

గేటుదగ్గర

మీటరు లేకపోయినా ఒక గుర్తు ఉంది. ఉరుము ఉరిమిన క్షణంలో పడి, లివర్ ఎత్తగానే నిలబడితే అది పిడుగు సర్జ్, అంటే క్షణకాలం ఎగిసిన వోల్టేజి. ఫిల్టర్ కెపాసిటర్ల గుండా ఎర్త్‌లోకి దూకిన తాత్కాలిక కరెంటు అది. సర్జ్ ప్రొటెక్టర్‌ను ఆర్‌సీసీబీకి ముందు వైపు వేయించి, సర్జ్‌ను తట్టుకునే రకం ఆర్‌సీసీబీ తీసుకుంటే తగ్గుతుంది. వాన మొదలైన గంటకో రెండు గంటలకో పడి, ఎండ వచ్చేదాకా ఎత్తినా నిలవకపోతే అది తడిసిన జాయింటే.

తూర్పుబ్లాక్_కార్యదర్శి

మాది రెండో రకం. కానీ ఎలక్ట్రీషియన్ ఎంసీబీలన్నీ దించి చూసినా ఆర్‌సీసీబీ నిలవడం లేదు. అందుకే పరికరమే పాడైందంటున్నారు.

మెగ్గర్500

అవి సింగిల్ పోల్ ఎంసీబీలైతే ఫేజ్‌ను మాత్రమే తెంచుతాయి. న్యూట్రల్ బార్‌కు అలాగే కలిసి ఉంటుంది. తోటలో ఎక్కడో న్యూట్రల్ తడి మట్టికి తగిలితే ఎంసీబీ దించినా ఆర్‌సీసీబీ పడొచ్చు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఉండే రెండు మూడు వోల్టులే దానికి చాలు.

పద్ధతి ఇది. మెయిన్ ఐసొలేటర్ ఆపి, టెస్టర్‌తో కాదు, మీటరుతో కరెంటు లేదని తేల్చుకోండి. న్యూట్రల్ బార్ నుంచి ఒక్కో సర్క్యూట్ న్యూట్రల్ విప్పి, దేనిదో చీటీ కట్టండి. అన్నీ విప్పాక, ఎంసీబీలు దించే ఉంచి మెయిన్ వేయండి; ఆర్‌సీసీబీ నిలిస్తే పరికరం బాగున్నట్టే. మళ్లీ మెయిన్ ఆపి, విప్పిన ప్రతి సర్క్యూట్‌కూ ఫేజూ న్యూట్రలూ కలిపి ముడేసి, ఎర్త్‌కూ దానికీ మధ్య మెగ్గర్ పెట్టండి. అంతకుముందే ఎల్‌ఈడీ డ్రైవర్లు, అడాప్టర్లు, సర్జ్ ప్రొటెక్టర్ తీసేయాలి. లేకపోతే రీడింగు తప్పొస్తుంది, అవి కాలిపోవచ్చు కూడా. ఇది లైసెన్సున్న మనిషి చేయాల్సిన పని, వాచ్‌మన్‌తో చేయించొద్దు.

పని పూర్తయ్యాక నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ న్యూట్రల్ స్క్రూ కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగిసిందో లేదో రెండుసార్లు చూడండి. త్రీఫేజ్‌లో న్యూట్రల్ లూజైతే తక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి 400 వైపు పాకుతుంది. కెమెరాలు, డ్రైవర్లు అన్నీ ఒకేసారి పోతాయి.

తోటలైటు

నా అంచనాలో సగానికి సగం తోటలోనే ఉంటుంది. లైటు వెలిగినంతసేపూ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. చల్లటి వాన పడగానే కుంచించుకుపోయి, గ్లాండు (కేబుల్ లోపలికి దూరే చోటి బిగింపు) గుండా, ఒక్కోసారి కేబుల్ లోపలి తీగల సందుల గుండా కూడా తేమను లాక్కుంటుంది. ఐపీ65 (ఐపీ అంటే దుమ్ము, నీళ్లు చొరకుండా ఆపే స్థాయి) లైటు పైనుంచి పడే నీళ్లకు సరిపోతుంది, నీళ్లు నిలిచే గుంతలో పెడితే సరిపోదు. అక్కడ ఐపీ67 కావాలి.

జంక్షన్ బాక్సు మూత తీసి చూడండి. కేబుల్ పైనుంచి దిగితే నీళ్లు దాని వెంబడే లోపలికొస్తాయి. కింది నుంచి ఎక్కించాలి, ఎక్కే ముందు ఒక వంపు వదలాలి, చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. మట్టిలోని జాయింటుకు పీవీసీ టేపు పనికిరాదు, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టమో, జెల్ నింపిన జాయింటు డబ్బానో వాడాలి. టేపు విప్పినప్పుడు రాగి మీద పచ్చటి పూత కనిపిస్తే, మెరిసే రాగి వచ్చేదాకా కేబుల్ వెనక్కి కోసి కొత్త జాయింటు వేయాలి.

అసలు తోటను 230 వోల్టుల నుంచి తప్పించడమే నాకు ఇష్టం. సేఫ్టీ ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ లోపల పెట్టి, బయటికి 24 వోల్టులే పంపండి. 12 వద్దు. 100 వాట్లకు 12 వోల్టుల దగ్గర 8.3 ఆంపియర్లు పారుతుంది. 30 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో రానూపోనూ సుమారు 3.7 వోల్టులు పోతుంది, చివరి లైట్లు వెలవెలబోతాయి. 24 అయితే 1.9 వోల్టులే పోతుంది. 24 వైపు ఏ తీగనూ ఎర్త్‌కు కలపకూడదు.

పాతవైరింగ్

ఎర్త్‌పిట్ గారి లెక్క ఒప్పుకుంటున్నాను. పిట్ మీద మాత్రమే ఆధారపడ్డ చోట ఎంసీబీ చాలదు. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. తోటలో దీపం తడిస్తే సెల్లార్ ఎందుకు మునగాలి? అర్ధరాత్రి పంపు ఆగితే ఎవరు చూస్తారు? దానంతటదే తిరిగి లివర్ ఎత్తే ఆటో రీక్లోజర్ పెడదామా?

ఎర్త్‌పిట్

మీ ప్రశ్న న్యాయమైనదే. ఒకే ఆర్‌సీసీబీ కింద అన్నీ పెట్టడమే అసలు లోపం. ఇలా విడగొట్టండి. మెయిన్‌లో 100 మిల్లీఆంపియర్ల ఎస్ రకం, అంటే కాస్త ఆగి పడేది. దాని కింద తోటకు ఒకటి, గేటు మోటారు, కెమెరాలకు ఒకటి, మెట్లకు ఒకటి, పంపుకు ప్రత్యేకంగా ఒకటి, అన్నీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీబీఓలు (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ ఒకదాంట్లో ఉన్నవి), రెండు పోళ్లవి. తోట తడిస్తే తోటే పడుతుంది, న్యూట్రల్ కూడా తెగుతుంది. రెండోఅంతస్తు గారు అడిగిన 100కి చోటు ఇక్కడే. ఏ ఆర్‌సీబీఓ న్యూట్రల్ దాని సర్క్యూట్‌కే వెళ్లాలి. రెండు న్యూట్రళ్లు ఒక బార్ మీద కలిస్తే లోడు వేయగానే రెండూ పడతాయి.

ఆటో రీక్లోజర్‌లో రెండు రకాలున్నాయి. ఇన్సులేషన్ కొలిచి, బాగుంటేనే ఎత్తేది ఒకటి. టైము చూసుకుని గుడ్డిగా ఎత్తేది ఇంకొకటి. రెండోది సెల్లార్ పంపుకు వద్దే వద్దు. నీళ్లలో మనిషి ఉండగా మళ్లీ కరెంటు ఇస్తుంది. నా మాటైతే మొదటి రకం కన్నా రెండో పంపుకే ఓటు. వేరే ఫేజు, వేరే ఆర్‌సీబీఓ. దాని ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టం పెరిగితే పంపును నడిపించేది) మొదటిదానికంటే 15 సెంటీమీటర్లు పైన. ఆ పైన మూడో ఫ్లోట్, బ్యాటరీ అలారానికి. కరెంటు పోయినా అది మోగుతుంది.

పాతవైరింగ్

రెండో పంపు పెట్టే చోటు లేని సంపులకు కొలిచి ఎత్తే రీక్లోజరే దిక్కని నా అభిప్రాయం. మిగతాదంతా సమ్మతమే.

సంపుమోటారు

ఉన్న పంపును కూడా ఒకసారి పైకి తీయండి. ఆయిల్ ప్లగ్గు విప్పి కొద్దిగా నూనె గ్లాసులోకి తీయండి. తేటగా ఉంటే సరే. పాలలా తెల్లగా మారితే మెకానికల్ సీలు పోయి నీళ్లు లోపలికి చేరుతున్నాయి, తర్వాత వంతు వైండింగ్‌దే. సీలూ నూనే రెండూ మార్చాలి. పంపు కేబుల్‌కు సంపు లోపల జాయింటు ఉండకూడదు. ఒకే ముక్కగా నీటి మట్టం అందని ఎత్తుకు రావాలి, స్టార్టర్ డబ్బా కూడా అక్కడే ఉండాలి. పంపును నీళ్లలో ఉంచి మెగ్గర్ పెట్టినప్పుడు 1 మెగా ఓము కంటే తక్కువొస్తే మళ్లీ దించొద్దు. పంపును కేబుల్ పట్టుకుని లాగే అలవాటు ఉంటే మాన్పించండి, గ్లాండు ఊడేది అలాగే. చేద తాడు పిడికి కట్టాలి.

తూర్పుబ్లాక్_కార్యదర్శి

తీసేయాలన్న ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాం. ముందు క్లాంప్ రీడింగులు, తర్వాత విడగొట్టడం. టెస్ట్ బటన్ సంగతి కూడా చెప్పండి. నెలనెలా నొక్కాలా?

గేటుదగ్గర

పరికరం మీద రాసిన గడువు చూడండి, కొన్నింటికి నెల, కొన్నింటికి ఆరు నెలలు. ఏదైనా వానలకు ముందు ఒకసారి తప్పదు. ఏళ్ల తరబడి కదలని లివర్ బిగుసుకుపోతుంది. నొక్కే ముందు కెమెరా రికార్డరు ఆపండి, గేటు తెరిచి పెట్టండి. నొక్కగానే పడకపోతే అదే రోజు మార్చాలి. పడినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, ఆ బటన్ లోపలి మీట పనిచేస్తుందని మాత్రమే చెబుతుంది. పిట్‌ను వేరే కొలిపించండి, నేల బాగా ఎండి ఉన్నప్పుడు. తడి నేలలో రీడింగు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.